నా పేపరు నాకు చూపించరట, నా మార్కులు మాత్రం పెళ్ళివారి ఫోన్‌లో ఉన్నాయి

చీపురుపల్లి_పిల్ల · మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. పొడుగైపోతే ఏమీ అనుకోకండి.

మా జిల్లాలోనే ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ చదివాను. ఒక్క సబ్జెక్టు తప్ప అన్నీ అయిపోయాయి. ఆ ఒక్కటీ కంట్రోల్ సిస్టమ్స్. మొన్న సప్లీలో 70కి 19 వచ్చాయి. బాగానే రాశానని నా నమ్మకం. రీవాల్యుయేషన్‌కి డబ్బు కడితే ‘నో చేంజ్’ అని ఒక్క ముక్క వచ్చింది. పేపరు ఒకసారి చూపించండి సార్ అని ఆఫీసులో అడిగాను. ‘అవన్నీ కాన్ఫిడెన్షియల్ అమ్మా, పిల్లలకి చూపించరు’ అన్నారు. సరేనని వచ్చేశాను.

అసలు సంగతి ఇది కాదు. ఆదివారం నన్ను చూసుకోడానికి పెళ్ళివారు వచ్చారు. జంతికలు, టీ అయ్యాక అబ్బాయి పెద్దమ్మ గారు నవ్వుతూనే ‘మొదటేడు 8.1 ఉండేదట, మూడో ఏడుకి 6.4కి దిగిందట. అటెండెన్స్‌కి కండోనేషన్ కూడా కట్టావట కదమ్మా’ అన్నారు. ఆ కండోనేషన్, అంటే అటెండెన్స్ తగ్గినందుకు కట్టే ఫీజు, సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ట్యూషన్లు చెప్పిన డబ్బులతో కట్టుకున్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా కళ్ళలోనే ఉంది.

మీకెలా తెలుసండీ అంటే దాచకుండా ఫోన్ తీసి చూపించారు. కాలేజీ కంప్యూటర్ తెరకి తీసిన ఫోటో. నా బొమ్మ, హాల్ టికెట్ నంబరు, కులం, నాన్న ఆదాయం, ఎనిమిది సెమిస్టర్ల గ్రేడ్లు, అన్నీ ఉన్నాయి. మౌస్ బాణం నా పేరు మీదే ఉంది. వాళ్ళకి తెలిసినాయన ఎవరో ఆ ఆఫీసులో పనిచేస్తున్నారట.

నేను అడుగుతున్నవి రెండు. నా పేపరు చూసే హక్కు నాకుందా? నా వివరాలు అలా ఇచ్చే హక్కు వాళ్ళకుందా?

పలాస_జీడి · రాత్రి 9:52

ముందు సంబంధం ఏటైందో చెప్పండి. టెన్షన్ పెట్టేసి వెళ్ళిపోయారు.

అడ్మిన్_గంటస్తంభం · రాత్రి 9:58

జీడిగారూ, ఆ అమ్మాయి అడిగింది అది కాదు. ఇంకో మాట, కాలేజీ పేరు, అక్కడి మనుషుల పేర్లు ఎవరూ రాయొద్దు, ఊహించొద్దు. రాసినవి తీసేస్తాను.

మూడులాంతర్లు · రాత్రి 10:15

ఇందులో అంత బాధపడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదమ్మా. మా రోజుల్లో పదో తరగతి రిజల్ట్ వచ్చిందంటే పేపర్లో నంబర్లు అచ్చేసేవారు. ఆ రోజు పొద్దున్న టీ కొట్టు దగ్గర ఊరంతా నా నంబరు వెతికింది. లేదు. ఊరందరికీ తెలిసింది, నేనేమీ చచ్చిపోలేదు. పెళ్ళన్నాక అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు విచారించుకోవడం మనకి కొత్తా?

బొబ్బిలి_వీణ · రాత్రి 10:31

మూడులాంతర్లు గారూ, విచారించుకోవడం అంటే వీధిలో నలుగుర్ని అడగడం. ఆఫీసు బీరువా తెరిపించడం విచారణ కాదు. పేపర్లో పడింది మీ నంబరు ఒక్కటే. మీ నాన్నగారి ఆదాయం, మీరెన్ని రోజులు బడి ఎగ్గొట్టారు అన్నవి పడలేదు కదా.

ఇంకొకటి అడుగుతాను. ఆ అబ్బాయి మార్కుల జాబితా అమ్మాయి వాళ్ళకి ఎవరైనా చూపించారా?

మూడులాంతర్లు · రాత్రి 10:34

అది వేరే సంగతి.

బొబ్బిలి_వీణ · రాత్రి 10:35

అదే సంగతి బాబూ.

లా_చదువుతున్నా · రాత్రి 11:20

చీపురుపల్లి అక్కా, మొదటి ప్రశ్నకి జవాబు తేలిక. నీ పేపరు చూసే హక్కు నీకుంది. 2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో ఇది తేల్చేసింది. దిద్దిన జవాబు పత్రం కూడా సమాచార హక్కు చట్టం ప్రకారం ‘సమాచారమే’, రాసినవాళ్ళు అడిగితే చూపించాలి, కాపీ అడిగితే ఇవ్వాలి అంది. పరీక్ష పెట్టేవాళ్ళు ‘మేము నమ్మకంతో దాచిపెట్టాం, సెక్షన్ 8(1)(ఇ) వర్తిస్తుంది’ అని వాదించారు. ఎవరి పేపరు వాళ్ళకే ఇవ్వకుండా దాచడం నమ్మకం ఎలా అవుతుందని కోర్టు ఒప్పుకోలేదు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, పేపరు చూపిస్తారు గానీ చూశాక మళ్ళీ దిద్దమని ఈ చట్టం కింద అడగలేవు. రెండు, దిద్దినవాళ్ళ పేరు అడగకు. 2016లో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో అది ఇవ్వక్కర్లేదని అదే కోర్టు చెప్పింది. పేరు అడిగావంటే ఆ వంకతో మొత్తం తిప్పి పంపేస్తారు.

మీది అటానమస్ కాలేజీయా?

చీపురుపల్లి_పిల్ల · రాత్రి 11:26

కాదు తమ్ముడూ. పేపర్లు యూనివర్సిటీకే వెళ్తాయి.

లా_చదువుతున్నా · రాత్రి 11:44

అయితే పని సులువైంది. కాలేజీ గుమ్మం తొక్కకు. యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థ కాబట్టి చట్టం నేరుగా వర్తిస్తుంది. అక్కడి పౌర సమాచార అధికారి పేరున తెల్లకాగితం మీద రాసివ్వు. పది రూపాయలు కట్టి రసీదు అడిగి మరీ తీసుకో. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆ పదీ అక్కర్లేదు, జిరాక్స్ జతచెయ్. కాపీలకి పేజీకి రెండు రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే తిరస్కరించినట్టే లెక్క, అప్పుడు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి. ఆలస్యానికి అధికారి జేబు నుంచి రోజుకి 250 చొప్పున, 25 వేల దాకా జరిమానా వేయవచ్చు. అందుకే ఎర్ర ఇంకుతో 30 రోజులు అని గుర్తుపెట్టుకుంటారు.

కొన్ని యూనివర్సిటీలు పేపరు కాపీకి తమ సొంత ఫీజు పెడతాయి, వందల్లో ఉంటుంది. 2019లో కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ కేసులో ఇదే తగువు వచ్చింది. వాళ్ళు పేపరుకి 500 అన్నారు. సంస్థ రూల్ ప్రకారం అడిగితే సంస్థ ఫీజు కట్టాలి, సమాచార హక్కు కింద అడిగితే ఆ చట్టం ఫీజే అని సుప్రీంకోర్టు తేల్చింది. ఏ దారిలో వెళ్తావో నీ ఇష్టం.

పాత_గుమస్తా · బుధవారం, ఉదయం 6:10

అమ్మాయ్, నేను ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. లా అబ్బాయి చెప్పింది కరెక్టే. అతను చెప్పని ముక్క ఒకటుంది. వెంటనే వెళ్ళు. పేపర్లు ఎల్లకాలం ఉంచరు. ఉంచే గడువు తీరాక పాత కాగితం కింద తూకానికి వెళ్ళిపోతాయి. ఆ 2011 తీర్పులో కూడా పేపరు దగ్గరున్నంత కాలమే ఇవ్వాలని ఉంది.

మావైపు ఎలా జరిగేదో చెప్తాను. పేపర్లు వచ్చాక మొదటి పేజీలో హాల్ టికెట్ నంబరున్న ముక్క చింపి వేరే కట్ట కడతాం. మిగిలిన దాని మీద కోడ్ ఒక్కటే ఉంటుంది. దిద్దే మాస్టారికి అది ఎవరిదో తెలీదు. మార్కులు పడ్డాక రెండు ముక్కలూ కలుపుతాం. ఇంత జాగ్రత్త పడేవాళ్ళం. పడి ఏం లాభం? కలిపిన తర్వాత మార్కులన్నీ టాబ్యులేషన్ రిజిస్టర్‌లో ఎక్కేవి. బారెడు పొడుగు పుస్తకం, అంచులు నలిగిపోయి, ఎర్ర గుడ్డ బైండింగ్. అది మా బల్ల మీదే పడుండేది. నాగావళి అవతల నుంచి ఎవరో బావగారి తమ్ముడు ఫోన్ చేసి ‘ఫలానా నంబరు చూడు బావూ’ అంటే చూసి చెప్పీసేవాణ్ణి. ఒకసారి కాదు, లెక్కలేనన్నిసార్లు. అది తప్పని ఒక్క రోజూ తోచలేదు. సాయం చేస్తున్నాననుకున్నాను. వాళ్ళు సొంత పిల్లల నంబరే అడుగుతున్నారో, పక్కింటి పిల్ల నంబరు అడుగుతున్నారో నేనెప్పుడైనా ఆరా తీశానా?

అదే పిల్లలు కిటికీ దగ్గరికొచ్చి ‘సార్ నా పేపరు’ అంటే మాత్రం రూల్ గుర్తొచ్చేది. నీ పోస్టు చదివాక రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

నరసన్నపేట_నాని · ఉదయం 8:05

గుమస్తా గారిని మెచ్చుకోవాలి. కానీ ఇప్పుడు ఫోన్ కూడా అక్కర్లేదు కదండీ. రిజల్ట్ వెబ్‌సైట్‌లో హాల్ టికెట్ నంబరు కొడితే చాలు, ఎవరి మార్కులైనా వచ్చేస్తాయి. నంబర్లేమో వరసగా ఉంటాయి. నాది 41 అయితే 42 నా పక్క బెంచీ వాడిది. రిజల్ట్ వచ్చిన రాత్రి మా హాస్టల్లో అందరం 01 నుంచి 66 వరకు కొట్టి క్లాసు మొత్తం ర్యాంకులు వేసేశాం. ఒకడు ఎక్సెల్ షీట్ కూడా చేశాడు. నేనూ అందులో ఉన్నాను, ఇప్పుడు సిగ్గేస్తోంది. పుట్టిన తేదీ కూడా అడిగితే సగం గొడవ ఆగిపోతుంది.

టెక్కలి_టు_టెక్సస్ · ఉదయం 9:30

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్తాను. నేను ఎమ్మెస్‌కి వచ్చిన మొదటి సెమిస్టర్‌లో ఫోన్ ఎత్తడం లేదని మా నాన్న కంగారుపడి యూనివర్సిటీకి మెయిల్ పెట్టాడు, మావాడి మార్కులు చెప్పండి, ఫీజు కట్టింది నేనే అని. చాలా మర్యాదగా జవాబిచ్చారు. మీ అబ్బాయి సంతకంతో ఒప్పుకోలు పంపితేనే చెప్తాం అని. మా నాన్న ఆ మెయిల్ ప్రింట్ తీసి ఊళ్ళో అందరికీ చూపించాడు, చూడండి ఏటి ఈ దేశం, కన్నతండ్రికి చెప్పరట అని.

దీనికి ఇక్కడ 1974 నాటి చట్టం ఉంది, ఫెర్పా అంటారు. బడిలో ఉన్నంతకాలం రికార్డుల హక్కు తల్లిదండ్రులది. పిల్లకి 18 నిండినా, లేక కాలేజీలో చేరినా, ఆ హక్కు పిల్లకే వెళ్ళిపోతుంది. అడిగిన 45 రోజుల్లోపు మన రికార్డు మనకి చూపించాలి. తప్పుంటే దిద్దమని అడగొచ్చు. మనం రాసిచ్చిన ఒప్పుకోలు లేకుండా బయటివాళ్ళకి ఇవ్వకూడదు. తల్లిదండ్రుల అమెరికా పన్ను లెక్కల్లో పిల్ల వాళ్ళ మీద ఆధారపడినట్టు ఉంటే మాత్రం వాళ్ళకి చెప్పవచ్చు. మా నాన్న టెక్కలిలో కట్టే పన్ను ఇక్కడ లెక్కకి రాలేదు పాపం.

ఇదంతా చదివి ఇక్కడేదో స్వర్గం అనుకోకండి. మాలాంటి వీసా విద్యార్థుల చదువు వివరాలు ప్రభుత్వానికి వెళ్తూనే ఉంటాయి, దానికి మినహాయింపు ఉంది. యూనివర్సిటీ ఈ చట్టం మీరితే మనం నేరుగా దావా వేయడానికి లేదని 2002లోనే వీళ్ళ సుప్రీంకోర్టు చెప్పింది. విద్యాశాఖకి ఫిర్యాదు పెట్టుకోవడమే.

రాజాం_రమణి · ఉదయం 11:02

టెక్సస్ బాబూ, నేను తల్లిని. నా మాట కూడా వినండి. మా గుంటడు డిప్లొమా తర్వాత బీటెక్‌లో చేరాడు. రెండేళ్ళు ‘అంతా బాగుందమ్మా’ అన్నాడు. తీరా చూస్తే ఏడు బ్యాక్‌లాగ్‌లు. కాలేజీ వాళ్ళు ముందే ఒక్క మెసేజ్ పెట్టుంటే ఏదో ఒకటి చేసుకునేవాళ్ళం. 18 దాటాడని అప్పు తెచ్చి ఫీజు కట్టేవాళ్ళకి చెప్పకపోతే ఎలా? మనది ఆ దేశం కాదు కదా.

బొబ్బిలి_వీణ · ఉదయం 11:25

రమణి గారూ, మీ బాధ నేను చూశాను, నేను పాఠాలు చెప్పేదాన్నే. తల్లికి చెప్పడం మీద నాకూ పేచీ లేదు. కాకపోతే చేరేటప్పుడే పిల్ల చేత ‘అటెండెన్స్, మార్కులు ఇంటికి పంపవచ్చు’ అని సంతకం పెట్టించుకుంటే ఎవరికీ గొడవ ఉండదు. మా దగ్గర జరిగేది వేరు. ఫీజు బకాయిల లిస్టు పేర్లతో నోటీసు బోర్డుకి అంటిస్తారు. ప్లేస్‌మెంట్ లిస్టు అని ఆధార్, కులం, ఫోన్ నంబర్లతో సహా వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. అందులో తల్లి ఎవరు? మొన్న ఒక అమ్మాయికి ముక్కూమొహం తెలీనివాడు ఆ లిస్టులో నంబరు పట్టుకుని రాత్రుళ్ళు మెసేజ్‌లు పెట్టాడు. అప్పుడు గ్రూపులో ఆ ఫైల్ డిలీట్ చేశారు. అప్పటికే రెండు వందల ఫోన్లలో ఉంది.

నాగావళి_ఒడ్డు · మధ్యాహ్నం 1:15

అంతా చట్టాలంటున్నారు, మనదగ్గర ప్రైవసీకి అసలు చట్టం ఉందా లేదా? 2017లో తొమ్మిది మంది జడ్జీలు ప్రాథమిక హక్కు అన్నారని చదివాను. తర్వాత ఏమైంది?

లా_చదువుతున్నా · మధ్యాహ్నం 2:40

చట్టం ఉంది, 2023లో వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. కానీ మనకి పనికొచ్చే ముక్కలు, అంటే నా గురించి ఏమేం పెట్టుకున్నావో చెప్పు, తప్పు దిద్దు, చెరిపెయ్ అని అడిగే హక్కులు, 18 నెలల తర్వాత, 2027 మేలో అమల్లోకి వస్తాయి.

తమాషా ఏమిటంటే ఆ చట్టంలో ఒక ముక్క మాత్రం అదే నవంబరులో వెంటనే అమలైంది. అది సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) మార్పు. ఇదివరకు పరాయివాళ్ళ వ్యక్తిగత వివరాలు అడిగితే, ప్రజలకి అంతకంటే మేలుందని అధికారికి తోస్తే ఇచ్చే వీలు ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడది పోయింది. సెక్షన్ 8(2)లో మాత్రం ఇంకా ఉంది. దీని మీద జర్నలిస్టులకి, సమాచార హక్కు వాళ్ళకి కోపం ఉంది, నాకూ ఉంది. అయినా చీపురుపల్లి అక్క అడుగుతున్నది తన పేపరే. ‘వ్యక్తిగత సమాచారం, ఇవ్వం’ అని ఆ క్లాజు చూపించి తిప్పి పంపితే అప్పీలులో నిలబడదని నా అభిప్రాయం.

పరాయివాళ్ళ మార్కుల మీద 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కూడా ఒక తీర్పు ఇచ్చింది. ఢిల్లీ యూనివర్సిటీ 1978 నాటి డిగ్రీ రికార్డుల కేసు.

పలాస_జీడి · మధ్యాహ్నం 2:44

హా, అది ఎవరి డిగ్రీయో అందరికీ తెలుసు

అడ్మిన్_గంటస్తంభం · మధ్యాహ్నం 2:50

రాజకీయాలకి వేరే దారం ఉంది. ఇక్కడ వద్దు.

లా_చదువుతున్నా · మధ్యాహ్నం 3:05

పేరు నాకూ అక్కర్లేదు. ఆ తీర్పులో మనకి పనికొచ్చేది, డిగ్రీ, మార్కుల వివరాలు విద్యార్థి వ్యక్తిగత సమాచారం, యూనివర్సిటీ వాటిని నమ్మకంతో దాచి ఉంచుతుంది అన్న మాట. అక్కా, నీ రెండో ప్రశ్నకి ఇది బలం. మూడో మనిషి చట్టప్రకారం కాగితం పెట్టి అడిగినా రానిది, ఫోన్ తీసి ఫోటో కొట్టి ఎలా ఇచ్చారని అడుగు.

ప్రిన్సిపల్‌కి, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి ఒకే రోజు స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపు. ఆ తేదీల్లో నా రికార్డు ఏ లాగిన్ నుంచి తెరిచారో చెప్పండి అని ఒక్క ప్రశ్న తప్పకుండా పెట్టు. ఐటీ చట్టంలో 72ఎ అని ఒక సెక్షన్ ఉంది గానీ అక్రమంగా నష్టమో లాభమో కలిగించాలనే ఉద్దేశమో, అలా జరుగుతుందని తెలిసి చేయడమో రుజువు చేయాలి. ఇప్పుడే అక్కడిదాకా వెళ్ళొద్దు.

గజపతినగరం_గోపి · సాయంత్రం 5:20

మధ్యలో దూరుతున్నాను. రీయింబర్స్‌మెంట్ డబ్బు పడలేదని మా కాలేజీ వాళ్ళు నా టీసీ, ఇంటర్ మెమో, టెన్త్ మెమో అన్నీ పట్టుకున్నారు. ఉద్యోగానికి ఒరిజినల్స్ కావాలి. ఏదైనా దారి ఉందా?

పాత_గుమస్తా · సాయంత్రం 6:00

గోపీ, ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, ఫీజు కోసం సర్టిఫికెట్లు ఆపడం ఆ కమిటీ చూడాల్సిన ఫిర్యాదే. అక్కడ న్యాయం జరగకపోతే యూనివర్సిటీలో ఇలాంటి ఫిర్యాదులు వినే అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు. నోటితో అడగకు, రాసిచ్చి నకలు మీద స్టాంపు వేయించుకో. ఆఫీసువాళ్ళు భయపడేది ఇన్‌వార్డ్ నంబరుకే. ఈలోగా డిజిలాకర్‌లో నీ మెమోలు వచ్చాయేమో చూడు. అందులో జారీ అయినవి ఒరిజినల్‌తో సమానమే.

చీపురుపల్లి_పిల్ల · ఆ తర్వాత ఆరో వారం, శనివారం, రాత్రి 8:15

చాలామంది పర్సనల్‌గా అడిగారు, అందుకే రాస్తున్నాను.

గుమస్తా గారి మాట విని మర్నాడే బస్సెక్కాను. కౌంటర్‌లో ఆవిడ ‘రీవాల్యుయేషన్ అయిపోయింది కదమ్మా, మళ్ళీ ఎందుకు’ అన్నారు. తీర్పు ప్రింట్ తీసుకెళ్ళాను గానీ చూపించాల్సిన అవసరం రాలేదు. పది రూపాయలు కడతానండీ, రసీదు ఇవ్వండి అన్నాను. రసీదు మాట వినగానే లోపలికెళ్ళి ఇంకో ఆయన్ని పిలుచుకొచ్చారు. ఆయన తీసుకున్నారు. ఇరవై నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. 32 పేజీలు, 64 రూపాయలు కట్టండి అని.

పేపరు ఇప్పుడు నా ముందుంది. దిద్దినవారి సంతకం మీద తెల్లకాగితం పెట్టి జిరాక్స్ తీశారు. నా అక్షరాలు నాకే వింతగా ఉన్నాయి, చివరికొచ్చేసరికి పరిగెత్తుతున్నాయి. మూడో ప్రశ్నలో సిస్టమ్ స్టేబులో కాదో తేల్చే రౌత్ టేబుల్ వేశాను. రెండో వరసలో మైనస్ గుర్తు మింగేశాను. అక్కడి నుంచి అన్నీ పాజిటివ్ వచ్చాయి, సిస్టమ్ స్టేబుల్ అని కింద గీత కూడా గీశాను. అది అన్‌స్టేబుల్. 2 వేశారు. ఐదో దాంట్లో గ్రాఫ్ బాగా గీసి ఆసింప్టోట్ల కోణం తప్పు రాశాను. మొత్తం మూడుసార్లు కూడాను. 19 సరిగ్గానే ఉంది. రెండు నెలలుగా ఎవరో నాకు అన్యాయం చేశారని తిట్టుకుంటున్నాను, ఎవరూ చేయలేదు. ఎక్కడ తప్పానో ముందే చూపించి ఉంటే రీవాల్యుయేషన్ డబ్బులైనా మిగిలేవి. ఈసారి సప్లీకి ఫీజు కట్టేశాను.

రెండో దానికి కాలేజీ నుంచి ఒక పేజీ జవాబు వచ్చింది. లాగిన్ వివరాలు అడిగాను కదా. ఆఫీసులో నలుగురికీ ఒకటే లాగిన్ అట. పాస్‌వర్డ్ మానిటర్ అంచున చీటీ రాసి అంటించి ఉండేదట. కాబట్టి ఎవరు తెరిచారో చెప్పలేం, ఇకముందు వేరువేరు లాగిన్‌లు ఇస్తాం అని రాశారు. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇంకా ఏమీ రాలేదు. వదలను.

పలాస_జీడి · రాత్రి 8:19

అడ్మిన్ గారు తిట్టినా అడుగుతాను. సంబంధం?

చీపురుపల్లి_పిల్ల · రాత్రి 8:27

వాళ్ళకి నచ్చానట, మళ్ళీ ఫోన్ చేశారు. అమ్మ ఇక్కడ వీణ గారు రాసింది చదివి ఉంది. అబ్బాయి మార్కుల మెమోలన్నీ పంపండి, చూసుకుని చెప్తాం అంది. రెండు వారాలైంది, ఇంకా పంపలేదు.